కుందేలుకు చట్టం అండ ఉంది, మరి పేడపురుగుకు?

గొలుగొండ చుట్టుపక్కల కొండవార తుప్పల్లో తిరిగే కుందేలు ఏ జాతిదంటే జవాబు సులువు. మెడ వెనక నల్లమచ్చ ఉంటే అది లెపస్ నైగ్రికోలిస్, మన చెవులపిల్లి. అదే నేల మీద పాకే పెంకుపురుగు ఏ జాతిదని అడిగితే మాత్రం చిక్కే.

రెండూ జంతువులే. కుందేలుకు వెన్నెముక ఉంది, పురుగుకు ఒంటిపైనున్న పెంకే అస్థిపంజరం. కుందేలును చాలాకాలం ఎలుకల జట్టులోనే లెక్కేశారు. దాని పైపెదవి ఎత్తి చూస్తే ముందు పళ్ల వెనకాల మరో చిన్న జత కనిపిస్తుంది. ఎలుకకు ఆ జత లేదు. ఇలాంటి తేడాల వల్లే 1912లో దాన్ని లాగోమార్ఫా అనే వేరే క్రమంలో పెట్టారు. ఆ క్రమంలో ప్రపంచమంతటా కలిపి నూరు జాతులకు అటూ ఇటూగా ఉంటాయి. పెంకుపురుగులదీ ఒక్క క్రమమే, కోలియోప్టెరా. అందులో పేరు పెట్టినవే దాదాపు 4 లక్షలు! పేడపురుగు ఎగరబోతున్నప్పుడు గమనించండి. ముందు రెక్కలు గట్టి మూతల్లా పైకి లేస్తాయి, వాటి కింద మడతపెట్టుకున్న పల్చటి రెక్కలు విచ్చుకుంటాయి. ఆ మూతలే ఈ క్రమానికి గుర్తు.

ఇన్ని రకాలున్న పెంకుపురుగులన్నిటినీ కాపాడాలంటే కుదరదు. జీడిమామిడి మొదట్లో జిగురు కారి, పొట్టు రాలుతోందంటే లోపల కాండం తొలిచే పురుగు పిల్లలున్నట్టే. రైతు వాటిని ఏరి చంపాల్సిందే, లేకపోతే చెట్టు ఎండిపోతుంది. అదే క్రమానికి చెందిన పేడపురుగు మాత్రం పేడను నేలలోకి దించి మట్టిని గుల్లచేస్తుంది, ఈగలను తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో ఆవుపేడను అక్కడి పురుగులు సరిగా ముట్టకపోతే, 1960ల చివర్లో బయటి దేశాల నుంచి పేడపురుగుల్ని తెప్పించుకున్నారు.

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం కుందేలును వేటాడటం నేరం. ప్రపంచ స్థాయి జాబితాల్లో దానికి అంతరించే ముప్పేమీ లేదని రాసి ఉన్నా, వలకూ కరెంటు తీగకూ చిక్కితే ఆ మాట దానికేం అక్కరకొస్తుంది? గడ్డిలో కదలకుండా పడుకునే దాని పిల్లలకు వేసవి మంటలూ గండమే. పురుగుల సంగతి అంతకన్నా అన్యాయం. ఆ జాబితాల వాళ్లు పరిశీలించింది నూటికి ఒకటో రెండో జాతులనే. మన చట్టంలోనూ కీటకాలంటే ఎక్కువగా సీతాకోకచిలుకలే.

అయినా పేడపురుగు కోసం చట్టం దాకా పోనక్కర్లేని పని ఒకటుంది. పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ మందు పేడలోకి దిగి ఆ పురుగు పిల్లల్ని చంపుతుంది. మందకంతటికీ అలవాటుగా వేయించకుండా, ఏ పశువుకు అవసరమో పశువైద్యుణ్ణి అడిగి దానికే వేయిస్తే చాలు.