కాశ్మీరు సమాధి, ఖాళీ సమాధి

పోయిన నెల రెండో షిఫ్టు టీ టైములో రింగ్‌ఫ్రేము మీద పనిచేసే ఒక తమ్ముడు ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు. "అన్నా, యేసు సిలువ మీద చావనే లేదంట. కాశ్మీరుకి వచ్చి ముసలాయనై పోయినాడంట. సమాధి గూడా ఉందంట. మరి మనం ఈస్టరు ఏమిటికి చేస్తాండాం?" అన్నాడు.

వాళ్లమ్మను పాతిపెట్టి ఇంకా ఏడాది కాలేదు. నవ్వి తోసెయ్యబుద్ధి కాలేదు. హోసూరులో, కృష్ణగిరిలో మన ఇళ్లల్లో ఈ వీడియో చూసినవాళ్లు ఇంకా ఉంటారు గనక, అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాట కొత్తది కాదు. పంజాబులోని ఖాదియాన్‌లో అహ్మదీయ జమాతును స్థాపించిన మీర్జా గులాం అహ్మద్ 1899లో ఉర్దూలో ఒక పుస్తకం రాసినాడు. ఆయన పోయినాక, 1908లో అది అచ్చయింది. యేసు సిలువ మీద సొమ్మసిల్లినాడే గాని చావలేదనీ, గాయాలకు మందు పూస్తే కోలుకొని తూర్పుకి వచ్చినాడనీ ఆయన వాదం. శ్రీనగరు ఖన్యార్ పేటలోని రోజాబల్‌ను ఆ సమాధి అని చూపిస్తారు. అక్కడ యూజ్ అసఫ్ అనే మహనీయుడు ఉన్నాడని పేరు.

సిలువ మీద నుంచి బతికి బయటపడటం సాధ్యమా? జోసీఫసు అనే యూదు చరిత్రకారుడు తన జీవితకథలో ఒక సంగతి రాసినాడు. రోమా సైన్యం యెరూషలేమును పట్టుకొన్న కాలంలో, అంటే క్రీ.శ. 70 ప్రాంతంలో, తనకు తెలిసిన ముగ్గురిని సిలువల మీద చూసి, సేనాని తీతు దగ్గర ఏడ్చి దింపించినాడు. మంచి వైద్యం చేయించినా ఇద్దరు చచ్చిపోయినారు, ఒకడు బతికినాడు. సందేహించేవాళ్లు ఆ ఒక్కణ్ణి చూపిస్తారు. చూపించనీ. అతన్ని బతికించాలనే దింపినారు. యేసును దింపకముందే సైనికుడు పక్కలో ఈటెతో పొడిచినాడని యోహాను సువార్త చెప్తుంది. ఆ తర్వాత వైద్యుడు కాదు, రాతి సమాధి.

దీనికి గట్టి జవాబు ఇచ్చినాయన మన పాస్టరు కాదు. డేవిడ్ స్ట్రౌస్ అనే జర్మను పండితుడు. ఆయన పునరుత్థానం నమ్మలేదు. అయినా 1864లో ఈ సొమ్మసిల్లిన కథను కొట్టేసినాడు. సగం చచ్చి పాక్కుంటూ వచ్చిన మనిషికి శిష్యులు కట్టు కడతారు గాని, మరణాన్ని గెలిచినాడని మొక్కుతారా అని ఆయన వాదం. మిషన్లో చెయ్యి నలిగినవాడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఎట్లుంటాడో మనకు ఎరుకే కదా.

శిష్యులు శవాన్ని ఎత్తుకుపోయినారన్న మాట మత్తయి 28వ అధ్యాయంలోనే ఉంది. దాచిపెట్టలేదు. సమాధిలో దేహం ఉండివుంటే ఆ మాట పుట్టే పనే లేదు.

ఇంక, దుఃఖంలో కనిపించిన భ్రమ అనే వాదం. స్ట్రౌస్ గూడా ఇక్కడికే వచ్చినాడు. ఇది కొంచెం కష్టమైనది. "నాకూ అమ్మ కలలోకి వస్తాదన్నా," అన్నాడు తమ్ముడు. నిజమే. వచ్చినప్పుడు నువ్వు లేచి, అమ్మ బతికింది, సమాధి ఖాళీ అని వీధిలో చెప్పినావా? కల మనకు పోయినవాళ్లు పోయినారనే చెప్తుంది. పైగా పౌలు దుఃఖంలో లేడు, ఆ గుంపును హింసిస్తా ఉన్నాడు. ఆయన కొరింథీయులకు సుమారు క్రీ.శ. 55లో రాసిన మొదటి పత్రికలో అయిదు వందలమందికి పైగా ఒక్కసారే చూసినారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ అన్నాడు. పోయి అడుక్కోండి అన్నట్టే.

కొందరు ప్రసంగీకులు సైన్సు దీన్ని రుజువు చేసిందంటారు. అట్లా అనకూడదని నా అభిప్రాయం. సైన్సు చెయ్యలేదు. ఈ వాదాలన్నీ పడిపోయినా నమ్మడం మిగిలే ఉంటుంది.

"మరి సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్లు ఒక్కో సువార్తలో ఒక్కో లెక్క ఉండారే?" అని మళ్లీ పట్టుకొన్నాడు. అవును, మత్తయిలో ఇద్దరు, మార్కులో ముగ్గురు. యోహాను మగ్దలేనే మరియ పేరొకటే చెప్పినాడు గాని, ఆమె మాట్లాడేటప్పుడు "మాకు" అంటుంది. కూడబలుక్కొని అల్లిన కథైతే లెక్క సరిచేసి ఉండేవాళ్లు. ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువైన ఆ కాలంలో వాళ్లను ముందు పెట్టి ఉండేవాళ్లు గూడా కాదు.

ఈస్టరు తెల్లారుజామున సమాధుల తోటకు పోతాం. అమ్మ సమాధికి సున్నం కొట్టాలి, కుంచె ఉందా అని నిన్న షిఫ్టు దిగేటప్పుడు అడిగినాడు.