ఆగినా తగ్గని పొగ

ప్రపంచంలో దాదాపు సగం మందిని ఇంట్లో కూర్చోబెడితే గాలిలోకి వెళ్లే కార్బన్ ఆరో వంతు తగ్గింది. తగ్గని అయిదు వంతుల సంగతేమిటి?

2020 ఏప్రిల్ 7, మంగళవారం. విమానాలు విమానాశ్రయాల్లోనే వరసకట్టి నిలబడ్డాయి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లకు బారికేడ్లు అడ్డం పెట్టారు. విజయవాడ బెంజి సర్కిల్‌లో ఖాకీ చొక్కాలు తప్ప మనుషులు కనబడలేదు. పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా వెళ్లినవాడు లాఠీ దెబ్బ తినకుండా తిరిగొచ్చానని సంబరపడేవాడు. ప్రపంచం ఇంతగా ఆగిపోయిన రోజులు మన ఎరుకలో మరెప్పుడూ లేవు.

ఆ రోజు లెక్కను బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కొరీన్ లె కెరె బృందం తీసింది. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల, సిమెంటు తయారీ వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్, 2019 సగటు రోజుతో పోలిస్తే 17 శాతం తగ్గిందని తేల్చింది. ఆ వసంతంలో అంతకుమించి తగ్గిన రోజు లేదు. పత్రికలన్నీ ఆ 17 గురించే రాశాయి. నన్నడిగితే అసలు వార్త మిగిలిన 83. మనమంతా తలుపులు వేసుకుని కూర్చున్నా అది ఎప్పటిలాగే వెలువడింది.

అప్పట్లో వాట్సాప్‌లో వేరే కథ నడిచింది. వెనిస్ కాలువల్లోకి డాల్ఫిన్లు వచ్చాయన్నారు, అది అబద్ధం. జలంధర్ మేడల మీదికి హిమాలయాల ధౌలాధార్ పర్వతాలు కనబడ్డాయన్నారు, అది నిజం. రెండూ కలిపి ‘మనిషే అసలు వైరస్, వాడు లోపల ఉంటే భూమి బాగుపడుతుంది’ అని ఒక సూక్తి తయారుచేసి పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు పంపేవారు. జీతం ఆగని ఇంట్లో కూర్చుని అలాంటివి పంపడం తేలిక.

కొండలు కనబడటానికి కారణం గాలిలో దుమ్ము, పొగ కణాలు తగ్గడం. వాటి ఆయుష్షు కొద్ది రోజులే. ఒక వాన పడితే కిందికి దిగిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, పైకి వెళ్లినదాంట్లో కొంత భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. పైగా ఆ మసక తెర సూర్యరశ్మిని కొంత వెనక్కి కొడుతుంది కాబట్టి, అది తొలగినప్పుడు నేల తాత్కాలికంగా కాస్త ఎక్కువే వేడెక్కుతుంది. ఆకాశం తేటపడింది కదా అని భూమి చల్లబడినట్టు కాదు.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తున్నారు. 2019 మే నెలలో అది పది లక్షల పాళ్లలో 414.7 పాళ్లు. 2020 మేలో, అంటే ఊళ్లన్నీ మూసి ఉన్నప్పుడు, 417.1. తగ్గకపోగా అప్పటిదాకా నమోదైన వాటిలో అదే గరిష్ఠం. చెరువులోకి వచ్చే కాలువను కాస్త బిగించినంత మాత్రాన చెరువు మట్టం దిగదు, తూము దగ్గర పోయేదానికంటే వచ్చేది ఎక్కువగా ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఏటి తగ్గుదల వల్ల 2050 నాటికి భూతాపంలో కలిగే తేడా డిగ్రీలో నూరో వంతుకు మించదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కకట్టింది. అదే సంస్థ 2019లో మరో మాట చెప్పింది. తాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే 2020 నుంచి 2030 దాకా ఏటా 7.6 శాతం చొప్పున ఉద్గారాలు తగ్గాలి. లాక్‌డౌన్ల ఏడాది మొత్తానికి తగ్గింది ఆరు శాతం లోపే.

బట్టీ చల్లారదు

తగ్గిన ఆ 17లో నలభై శాతానికి పైగా రోడ్ల మీది బళ్లదే. విమానాల వాటా పదో వంతు. అంటే ప్రయాణం మానేస్తే తగ్గేదేదో తగ్గింది. తగ్గనిది మనం ఎక్కని, తొక్కని వాటిలో ఉంది.

ఇంట్లో ఉన్నా ఫ్యాన్ తిరిగింది, ఫ్రిజ్ నడిచింది, టీవీలో రామాయణం మళ్లీ వచ్చింది. ఆ కరెంటులో ఎక్కువ భాగం రామగుండం లాంటి చోట్ల బొగ్గు మండితేనే వస్తుంది. పొలాలకు యూరియా కావాలి, దాని తయారీకి సహజ వాయువు కావాలి. ఇక సిమెంటు సంగతి మరీ విచిత్రం. తాండూరు, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల సిమెంటు బట్టీల నుంచి వచ్చే కార్బన్‌లో సగానికి పైగా బొగ్గుది కాదు, సున్నపురాయిది. వేడికి రాయి విచ్చుకున్నప్పుడు దాని కడుపులోంచే ఆ వాయువు వస్తుంది. బట్టీని ఎండతో వేడిచేసినా అది తప్పదు. ఉక్కు కర్మాగారాల్లో కోక్ ఓవెన్లను ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. చల్లారితే లోపలి ఇటుకలు పగిలి ఓవెన్ల వరస మొత్తం పనికిరాకుండా పోతుంది. కర్ఫ్యూ పెట్టినా దాని మంట దానికి ఉండాల్సిందే.

అందుకే ‘మీరు ఎన్నిసార్లు కారు తీశారు, ఎన్ని విమానాలెక్కారు’ అని ఒక్కొక్కరి లెక్కలు చూసే ప్రచారం మీద నాకు ఓపిక తగ్గింది. కారు తక్కువ తీయడం మంచిదే. కానీ సగం ప్రపంచం మూడు పూటలా త్యాగం చేసినా ఆరో వంతు దాటలేదని ఒకసారి తేలిపోయాక, మిగతాదంతా మనుషుల సంయమనం మీద వదిలేయడం బాధ్యత తప్పించుకోవడమే. మారాల్సినవి బట్టీలు, బాయిలర్లు, కరెంటు తీగలు.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి

తీగల సంగతి లాక్‌డౌన్‌లోనే ఒక రాత్రి పరీక్షకు వచ్చింది. ఏప్రిల్ 5 ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు దీపాలార్పమని ప్రధాని పిలుపునిచ్చారు. మనకు గుర్తున్నవి బాల్కనీల్లో దీపాలు, కొన్నిచోట్ల టపాసులు. గ్రిడ్ నడిపే ఇంజినీర్లకు గుర్తున్నది వేరు. పిలుపు వచ్చింది శుక్రవారం ఉదయం, చేతిలో ఉన్నది రెండున్నర రోజులు. కరెంటు వాడకం ఒక్కసారిగా పడిపోయి మళ్లీ ఒక్కసారిగా లేస్తే ఫ్రీక్వెన్సీ గతి తప్పుతుంది, గ్రిడ్ కుప్పకూలుతుంది. 2012 జులైలో ఉత్తర భారతమంతా చీకటైన అనుభవం వాళ్లకుంది.

పన్నెండు వేల మెగావాట్లకు కాస్త అటూఇటూగా తగ్గుతుందని అంచనా వేశారు. తగ్గింది 31 వేలు! బొగ్గు యూనిట్లు అంత వేగంగా తగ్గలేవు, లేవలేవు. ఆ బరువు మోసింది జలవిద్యుత్తు. సాయంత్రమే నీటి టర్బైన్లను 25 వేల మెగావాట్ల దాకా తీసుకెళ్లి ఉంచారు, జనం స్విచ్‌లు కట్టేస్తుంటే 25 నిమిషాల్లో ఎనిమిది వేలకు దించారు, దీపాలు మళ్లీ వెలుగుతుంటే ఎక్కించారు. ఎక్కడా గ్రిడ్ పడిపోలేదు.

సౌర, పవన విద్యుత్తు ఎక్కువైతే గ్రిడ్ తట్టుకోలేదని చెప్పేవారికి ఈ రాత్రిని గుర్తుచేయాలి. మబ్బు పట్టినా, గాలి పడిపోయినా ఇంత వేగంగా ఇంత పెద్ద తేడా రావడం అరుదు. కావాల్సింది త్వరగా వంగి త్వరగా లేచే ఏర్పాటు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో రివర్సిబుల్ టర్బైన్లు ఏనాడో పెట్టారు. నీళ్లు కిందికి వదిలి కరెంటు తీయొచ్చు, కరెంటు మిగిలినప్పుడు అవే నీళ్లను పైకి తోడొచ్చు. పగటి ఎండను రాత్రి దాకా దాచుకోవడానికి మన దగ్గరున్న పాత దారి అది. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో అదే పద్ధతిని సౌర, పవన విద్యుత్తుతో జతచేస్తున్నారు.

నాలుగు గంటల గడువు

ఆ ఇంజినీర్లకు రెండున్నర రోజులు దొరికాయి. కూలీలకు దొరికింది నాలుగు గంటలు. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి లాక్‌డౌన్ ప్రకటన, అర్ధరాత్రి నుంచి అమలు.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న జార్ఖండ్, బిహార్ కూలీలు నెలకు పైగా షెడ్లలో ఎదురుచూశారు. జీతం బాకీ, ఊరికి దారి లేదు. ఏప్రిల్ 29న రోడ్డెక్కారు, పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. రెండు రోజులకే, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పన్నెండు వందల మందితో రైలు కదిలింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. రాళ్లు పడితే గానీ రైలు గుర్తుకు రాలేదా అని అప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీదే రోజులు గడిపి, చివరికి బస్సుల్లో దేశం అడ్డంగా దాటి ఇంటికి చేరారు.

మే 7 వేకువన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది మరో రకం. లాక్‌డౌన్‌లో మూతపడి తెరవబోతున్న ఎల్జీ పాలిమర్స్ ప్లాంటులో ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వ కమిటీ నెపాన్ని లాక్‌డౌన్ మీదికి నెట్టలేదు, యాజమాన్యం నిర్లక్ష్యాన్నే వేలెత్తి చూపింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను సరిగా చూడలేదు, రసాయనం గట్టిపడకుండా ఆపే పదార్థం సరిపడా ఉంచలేదు. నడుస్తున్న యంత్రానికి ఎంత కాపలా కావాలో ఆపిన యంత్రానికీ అంతే కావాలి. రేపు పాత థర్మల్ కేంద్రాలు, రిఫైనరీలు మూసే రోజు వస్తే ఈ ఊరి పేరు తలుచుకుని మూయాలి.

కొత్తగా కట్టినవేవీ ఆదుకోలేదు

ఆ రోజుల్లో జనాన్ని నిలబెట్టినవాటిని చూడండి. రేషన్ షాపు, ఆశా కార్యకర్త, ఉపాధి హామీ జాబ్ కార్డు. ఒక్కటీ లాక్‌డౌన్ కోసం పుట్టింది కాదు. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, అదీ కరవు సీమ కాబట్టి. 2020-21లో ఆ పథకం కింద దేశమంతటా 389 కోట్ల పనిదినాలు నడిచాయి. పట్నం నుంచి నడిచొచ్చిన మేస్త్రీ ఊళ్లో చెరువు మట్టి తవ్వి ఆ వారం గడిపాడు. కరవును తట్టుకోవడానికి కట్టినది మహమ్మారికి పనికొచ్చింది. వడగాడ్పుకూ, వరదకూ పనికొచ్చేది అలాంటిదే.

మనకిది కొత్త పాఠం కాదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది, కానీ రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు. నడుమ ముప్పై ఏడేళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు, రాడార్లు పెట్టారు, తహసీల్దారు చెబితే ఊరు ఖాళీ చేయడం జనానికి అలవాటైంది. ఎండల విషయంలో ఆ శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయాకే ప్రణాళికలు కదిలాయి.

ఆ వేసవిలో రెండు దేశాలు

2020 డిసెంబరు వచ్చేసరికి ప్రపంచ ఉద్గారాలు అంతకుముందు డిసెంబరు కంటే రెండు శాతం ఎక్కువయ్యాయి. 2021లో సరికొత్త రికార్డు. యంత్రాలేవీ మారలేదు కనుక స్విచ్ వేయగానే పాత పొగే వచ్చింది.

ఆర్థిక వ్యవస్థను లేపాలని ప్రభుత్వాలు అప్పట్లో డబ్బు కుమ్మరించాయి. దేన్ని లేపాలో ఎంచుకునే అవకాశం అంత పెద్ద ఎత్తున మళ్లీ ఎప్పుడొస్తుందో! మన దేశంలో 2020 జూన్ 18న 41 బొగ్గు బ్లాకులను వాణిజ్య తవ్వకానికి వేలం పెట్టారు. సరిగ్గా పదిహేను రోజులకు, జులై 3న, జర్మనీ పార్లమెంటు 2038 నాటికి బొగ్గు కరెంటును ఆపేసే చట్టం చేసింది. దానితోపాటే బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల సాయం రాసిపెట్టింది. జర్మనీ ధనిక దేశం, మనకంటే ఎంతో ముందు నుంచి, తలకు ఎంతో ఎక్కువగా కాల్చిన దేశం, దాన్ని మనకు ఆదర్శంగా చూపడం నాకిష్టం లేదు. ఆ చట్టంలో నన్ను ఆకర్షించింది తేదీ ఒక్కటే. పద్దెనిమిదేళ్ల ముందస్తు నోటీసు.

మనకూ ఒక తేదీ ఉంది. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా అని 2021లో గ్లాస్గోలో చెప్పాం. ఆ తేదీని సింగరేణికి తీసుకెళ్లి చూడండి. 1990ల మొదట్లో అక్కడ లక్షకు పైగా కార్మికులుండేవారు. ఓపెన్‌కాస్టులు, భారీ యంత్రాలు వచ్చాక నలభై వేల దగ్గరికి పడిపోయారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరిగింది. బెల్లంపల్లిలో భూగర్భ గనులు ఒక్కొక్కటీ మూతపడి ఊరు చిక్కిపోయింది. అది వాతావరణం కోసం జరిగింది కాదు, ఖర్చు లెక్కల కోసం జరిగింది. పర్మినెంట్ ఉద్యోగికి ఏదో ఒక ప్యాకేజీ దక్కింది. గని గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడికి, కాంట్రాక్టు మీద బొగ్గు పైన కప్పి ఉన్న మట్టి తోలే డ్రైవరుకు ఏ కాగితమూ రాలేదు. ఏ గనిలో ఎంత బొగ్గు మిగిలిందో, అది ఎన్నేళ్లు వస్తుందో సంస్థ దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్కను కొత్తగూడెం, మందమర్రి, శ్రీరాంపూర్ వీధుల్లో బోర్డు రాసి పెట్టొచ్చు. ఆ డ్రైవరు తన కొడుకును ఐటీఐలో ఏ ట్రేడులో చేర్చాలో దాన్ని చూసి తేల్చుకుంటాడు.