తాబేలుకి ఇంట్లో ఎండ

మన పిల్లలు ఏదో ఒక వయసులో "నాన్నా, నాకొక పెట్ కావాలి" అని అడగడం మామూలే. కుక్కంటే అమ్మ ఒప్పుకోదు. పిల్లి బొచ్చు ఎవరికో పడదు. చివరికి "తాబేలైతే అరవదు, ఓ మూల పడి ఉంటుంది" అని రాజీకి వస్తారు. కానీ నేల మీద బతికే తాబేలు ఎండలో తిరిగి, మట్టి తవ్వుకుని, ఆకులు మేసే జీవి. దాన్ని ఇంట్లో పెంచాలంటే ఆ ఎండనీ, మట్టినీ మనమే లోపలికి తేవాలి.

ముందు, ఏ తాబేలు? శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడికి వెళ్ళినవారు అక్కడ నక్షత్ర తాబేళ్ళను చూసే ఉంటారు. వాటిని ఇండియాలో ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం. అడవిలో పట్టి దొంగచాటుగా అమ్మడం పెరిగిపోవడంతో 2019లో వాటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. ఇక్కడ దొరికే సల్కాటా పిల్ల అరచేతిలో ఇమిడిపోతుంది గానీ, పెద్దయితే 100 పౌన్లు దాటవచ్చు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూ పెరిగే రష్యన్ తాబేలే నయం. పిల్లలూ, 1968 సెప్టెంబరులో జోండ్ 5 నౌకలో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన రెండు తాబేళ్ళు ఈ జాతివే. మనుషులు వెళ్ళింది ఆ తర్వాత, డిసెంబరులో!

గాజు తొట్టి కొనకండి. గాజు అడ్డుగా ఉందని తాబేలుకి అర్థం కాదు, రోజంతా దాన్నే నెట్టుకుంటూ ఉంటుంది. కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న చెక్క పెట్టె కావాలి. పాత పుస్తకాల బీరువా అరలు తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, అడుగున ప్లాస్టిక్ పరిస్తే సరిపోతుంది. అందులో ఎరువు కలపని మట్టి, కొంచెం ఇసుక కలిపి, ఆరంగుళాల మందాన పొయ్యండి. దేవదారు పొట్టు మాత్రం వద్దు, ఆ ఘాటు దాని ఊపిరితిత్తులకు మంచిది కాదు. దాక్కోవడానికి బోర్లించిన సగం పూలకుండీ ఒకటి.

ఇక అసలు సంగతి వెలుతురు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం తగిలితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంగిపోతాయి. "మా కిటికీలోంచి బోలెడు ఎండ వస్తుంది కదా" అంటారు. వస్తుంది, కానీ కిటికీ అద్దం యూవీబీని దాదాపు అంతా ఆపేస్తుంది. అందుకే పొడవాటి యూవీబీ ట్యూబులైటు పెట్టి రోజుకి 12 గంటలు వెలిగించాలి. ఇంకో తిరకాసు ఉంది. ట్యూబు కంటికి బాగానే వెలుగుతున్నా, అందులో యూవీబీ ఏడాది తిరిగేసరికి తగ్గిపోతుంది. కొన్న తేదీ దాని మీదే రాసిపెట్టండి.

వేడి బల్బు పెట్టెకి ఒక చివరే ఉండాలి. దాని కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో చివర 70, 75. తాబేలు తనకు కావలసిన చోటికి తనే నడుస్తుంది.

తిండికి కాలర్డ్ గ్రీన్స్, మందు కొట్టని డాండెలయన్ ఆకులు, మందార ఆకులు, పువ్వులు మంచివి. మెక్సికన్ అంగళ్ళలో దొరికే నాగజెముడు మట్టలు కూడా. మనింట్లో ఉంటాయని పాలకూర, చుక్కకూర రోజూ వెయ్యకండి, అవి కాల్షియాన్ని పట్టేస్తాయి. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళలో, గడ్డం మునగనంత లోతులో, పావుగంట ఉంచాలి. ఆ గిన్నె దానికే వేరుగా ఉండాలి, వంటింటి సింకులో కడగకూడదు. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్నవాటిని పెంపకానికి అమ్మడాన్ని 1975లో ఇక్కడ నిషేధించింది ఇందుకే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అయిదేళ్ళలోపు పిల్లలు అసలు ముట్టుకోకూడదు.

రష్యన్ తాబేలు 40 ఏళ్ళు బతకవచ్చు. మూడో తరగతి పిల్ల కాలేజీకి వెళ్ళేనాటికి అది ఇంకా పడుచే. అప్పుడు దాని ట్యూబులైటు ఎవరు మారుస్తారో కొనే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.