అమ్మానాన్నల టెన్షన్‌కి ఫోన్‌లో మందుందా?

ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే మా ఓపీలో పిల్లల కంటే వాళ్ల తల్లిదండ్రులే ఎక్కువ కనిపిస్తారు. తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఎన్నడూ లేని బీపీ... అందరూ చివర్లో చెప్పేది ఒకే మాట: "పిల్లల చదువుల టెన్షన్, డాక్టర్‌గారూ!"

ఆ మధ్య ఒకావిడ వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. బాబు సెకండియర్ ఎంపీసీ, పాప తొమ్మిదో తరగతి, తనది ప్రైవేటు ఉద్యోగం. దడ, చేతుల వణుకు, చిన్నమాటకే పిల్లల మీద అరిచేయడం. "అయిదు నెలలుగా రోజూ యాప్ పెట్టుకుని మెడిటేషన్ చేస్తున్నాను. అయినా మనసు కుదుటపడట్లేదు. నాకే చేతకావట్లేదేమో!" అన్నారు. ఫోన్ తీసి, ఒక్కరోజు కూడా తప్పకుండా టిక్కులు పడిన క్యాలెండర్ చూపించారు. నాడి చూస్తే నిమిషానికి 118. బరువు అయిదు కిలోలు తగ్గారు. ఫ్యాన్ కింద కూర్చున్నా అరచేతుల్లో చెమట. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే ఉంది. హైపర్‌థైరాయిడిజం. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తుంటే ఎంత ధ్యానం చేసినా దడ తగ్గదు. ఆ అయిదు నెలలూ ఆవిడ తనను తాను తిట్టుకుంటూ గడిపారు.

యాప్‌లు దండగ అని చెప్పడానికి ఇది రాయట్లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి నేనే చెబుతుంటాను. అయితే అవి ఎంతవరకు పనికొస్తాయో తెలిసి వాడాలి.

మానసిక ఆరోగ్య యాప్‌ల మీద జరిగిన 176 ప్రయోగాలను కలిపి పరిశీలించిన విశ్లేషణ ఒకటి 2024లో 'వరల్డ్ సైకియాట్రీ' పత్రికలో వచ్చింది. ఆందోళన, కుంగుబాటు లక్షణాలు వీటితో తగ్గుతున్నాయి, కానీ కొంతమేరకే అన్నది దాని సారాంశం. కొంతమేర అన్నది తీసిపారేసే మాటేం కాదు. రాత్రి పన్నెండుకు పట్టే నిద్ర పదకొండుకు పట్టినా తేడా తెలుస్తుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఇలాంటి 93 యాప్‌ల వాడకాన్ని లెక్కగట్టిన 2019 నాటి అధ్యయనంలో, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో 15 రోజుల తర్వాత కూడా తెరుస్తున్నది సగటున నూటికి నలుగురే. కాబట్టి మీరు మధ్యలో మానేశారంటే అది మీ ఒక్కరి బలహీనత కాదు.

ఈ యాప్‌లన్నిటిలో నాకు బాగా నచ్చేది అతి మామూలు విషయం: నెమ్మదిగా ఊపిరి తీయించడం. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుకు తగ్గిస్తే, ముఖ్యంగా వదిలే ఊపిరిని పొడిగిస్తే, వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఒక శ్వాసకు పది సెకన్లు. అయిదు నిమిషాలు చాలు. తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. కొందరికి ఊపిరి మీద దృష్టి పెడితే ఆందోళన ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లు కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి, చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు మనసులో ఒక్కొక్కటే అనుకుంటే సరిపోతుంది. యాప్‌లో తెర మీద పెద్దదై చిన్నదయ్యే గుండ్రం చేసే పని ఆ లెక్క పెట్టడమే. రెండు వారాలు దానితో నేర్చుకుంటే ఆ తర్వాత ఫోన్ లేకుండానే చేసుకోవచ్చు.

మరి టైమెక్కడుంది అంటారు. నిజమే. పొద్దున్నే బాక్సులు, స్కూల్ బస్సు, ఆఫీసు, సాయంత్రం ట్యూషన్ల మధ్య ఇరవై నిమిషాల ధ్యానం పెట్టుకోమంటే అది ఇంకో హోంవర్కు అవుతుంది. అందుకే నేను వేళ చెప్పను, చోటు చెబుతాను. ఆఫీసు నుంచి వచ్చి స్కూటీకి స్టాండు వేశాక, ఇంట్లోకి అడుగుపెట్టే ముందు ఆరు శ్వాసలు. పాప లెక్కల పుస్తకం తెరిచే ముందు ఆరు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఇంకో ఆరు ఎక్కువైనా ఫర్వాలేదు! కోపం వచ్చాక యాప్ వెతుక్కుంటే కుదరదు. ఆ క్షణంలో ఫోన్ తెరిస్తే ముందు కనిపించేది క్లాసు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పక్కింటి పిల్లాడి మార్కులే.

రాత్రిపూట వినేవి ఉంటే ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మంచానికి దూరంగా ఉంచి వినండి. యూట్యూబ్‌లో యోగనిద్ర పెట్టుకుంటే సరిగ్గా నిద్ర పట్టే వేళకు ప్రకటన మోగుతుంది. హెడ్‌స్పేస్, కామ్ లాంటివి పేరున్నవే గానీ, వాటిలో చాలా భాగానికి డబ్బు కట్టాలి. మెడిటో ఉచితం. ఆయుష్ శాఖ 2021లో తెచ్చిన వై-బ్రేక్‌లో కుర్చీ దగ్గరే చేసుకోదగ్గ అయిదు నిమిషాల యోగా ఉంటుంది. భాష కూడా చూసుకోండి. తెలుగులో బాధపడే మనిషికి అమెరికన్ యాసలో ఓదార్పు అంతగా ఎక్కదు.

ఫ్రీ ట్రయల్ అంటూ కార్డు వివరాలో, యూపీఐ ఆటోపే అనుమతో అడిగితే జాగ్రత్త. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లేస్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాల్సిందే. శ్వాస నేర్పే యాప్‌కు మీ కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? ఇవ్వకండి. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ అనే సంస్థ వినియోగదారుల సమాచారాన్ని ఫేస్‌బుక్ తదితర సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందన్న ఆరోపణపై, 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిచేత 78 లక్షల డాలర్లు కట్టించింది. మీ ఇంటి గొడవలు చాట్‌లో టైపు చేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

చేతి వాచీలో 'స్ట్రెస్ స్కోరు' చూసి కంగారుపడేవాళ్లు కొత్తగా తయారయ్యారు. అది గుండె లయలోని చిన్నచిన్న తేడాలను బట్టి వేసే అంచనా. జ్వరం వచ్చినా, నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా మారిపోతుంది. దాన్ని చూసుకుంటూ కూర్చుంటే ఆ అంకె ఇంకా పెరుగుతుంది!

ఇక ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఒక తండ్రి, 46 ఏళ్లు, షుగర్ ఉంది. కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడిన రోజుల్లో ఓ రాత్రి పదకొండింటికి ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది. టెన్షన్ అనుకుని శ్వాస వ్యాయామం పెట్టుకుని పడుకున్నారు. పొద్దున ఆరున్నరకు ఎమర్జెన్సీకి తెచ్చారు. ఈసీజీలో గుండెపోటు. ప్రాణం దక్కింది. కానీ పోయిన ఆ ఏడున్నర గంటల్లో గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే యాప్ తెరవకండి. 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి స్పష్టంగా లేకుండానే గుండెపోటు రావచ్చు.

అంత అత్యవసరం కాకపోయినా, మూడు నాలుగు వారాలు పద్ధతిగా చేసినా తేడా లేకపోతే ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ చూస్తే చాలామందిలో లోపలి కారణం బయటపడుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. దానివల్ల వచ్చే నీరసం, దడ, విసుగు కూడా 'టెన్షన్' ఖాతాలోనే పడిపోతుంటాయి. భర్త గట్టిగా గురకపెడుతూ, పగలు కునుకుతూ, చిరాకు పడుతుంటే నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి.

కొన్ని యాప్‌లలో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంటుంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది. మార్కులు పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వైద్యుణ్ని కలవాలి. చివరి ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. పిల్లల మీద చెయ్యి అదుపు తప్పుతున్నా, మందు లేకుండా నిద్ర పట్టకపోయినా కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఉండేది శిక్షణ పొందిన మనిషి. చాట్‌బాట్ ఎంత తీయగా జవాబిచ్చినా మీ గొంతులో వణుకు దానికి అందదు.

మొదట చెప్పిన ఆవిడ ఆరు వారాల తర్వాత వచ్చారు. మాత్రలు వేసుకుంటున్నారు, నాడి 84కి దిగింది, బరువు రెండు కిలోలు పెరిగారు. యాప్ ఇంకా ఫోన్‌లోనే ఉంది, టిక్కులు గుర్తుచేసే నోటిఫికేషన్ మాత్రం ఆపేశారు. పిల్లల మీద అరవడం తగ్గిందా అని అడిగితే, "చాలా తగ్గింది. మావాడు ఫిజిక్స్ పుస్తకం పక్కన పడేసినప్పుడు తప్ప" అని నవ్వారు. టీఎస్‌హెచ్ మళ్లీ నెలన్నరకు చూడాలి.