శిక్షకుడు నడుమ విడిచిపోయిన వేళ

ఫుట్‌బాల్ మైదానమున పదునొకండుగురు ఆటగాండ్రు పరుగిడుచుండగా, గీత కావల నిలిచి వారిని నడిపించువాడొకడు కలడు. అతడే శిక్షకుడు. ఇంగ్లండులో అతనిని మేనేజరందురు. ఎవరిని ఆడింపవలెను, ఎవరిని కూర్చుండబెట్టవలెను, ఎదిరి బలమునకు మారుగా ఏ పన్నుగడ పన్నవలెను అను నిర్ణయములన్నియు అతనివే. అతడు బంతిని తన్నడు. అయినను గెలుపోటములలో అతని పాలు పెద్దది. అట్టివాడు పోటీలు సగములో నుండగా తన జట్టును విడిచి వేరొక జట్టునకు పోయినచో, దానిని ప్రేమించు జనులకు ఎట్లుండును? వారి కోపము న్యాయమైనదేనా? మన చెన్నై నగరమునకు సంబంధించిన ఒక ఉదాహరణముతో దీనిని విచారింతము.

ఇంగ్లండులో లంకాషైరు ప్రాంతమున బర్న్‌లీ అను చిన్న పట్టణము కలదు. పూర్వము నూలు మిల్లులకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి క్లబ్బు 1976లో అగ్రశ్రేణి లీగు నుండి జారి, ముప్పది మూడేండ్లు మరల పైకి రాలేకపోయెను. స్కాట్లండు దేశీయుడైన ఓవెన్ కాయిల్ శిక్షకుడై వచ్చి, 2009లో ఆ క్లబ్బును మరల అగ్రశ్రేణికి చేర్చెను. ఆ ఆగస్టులోనే బర్న్‌లీ తన మైదానమున మాంచెస్టరు యునైటెడ్ అంతటి జట్టును 1-0 తేడాతో ఓడించెను. తాతలు చెప్పగా వినిన వైభవమును మనుమలు కన్నులార చూచిరి. కాయిల్ ఆ ఊరికి దేవుడే అయ్యెను.

2010 జనవరిలో, లీగు సగము ముగియగానే, కాయిల్ బర్న్‌లీని విడిచి బోల్టన్ క్లబ్బునకు పోయెను. బోల్టన్ దూరదేశము కాదు, పొరుగు పట్టణము. అందులోను ఆ ఏడు రెండు జట్లును క్రింది శ్రేణికి జారకుండ పెనుగులాడుచున్నవి. అతడు తన సహాయకులలో కొందరిని వెంట గొనిపోయెను. ఆ నెలలోనే రెండు జట్లును తలపడినప్పుడు బర్న్‌లీ అభిమానులు అతనిని "జూడాస్" అని కేకలు వేసిరి. ముప్పది వెండి నాణెములకు క్రీస్తును అప్పగించిన శిష్యుని పేరది. ఆనాడు బోల్టన్ 1-0తో గెలిచెను. ఋతువు ముగియునప్పటికి బోల్టన్ నిలిచెను, బర్న్‌లీ జారిపోయెను.

ఇక చట్టమేమనును? శిక్షకునకును క్లబ్బునకును ఒప్పందముండును. గడువు తీరకముందే వేరొక క్లబ్బు అతనిని కోరినచో, పరిహారము చెల్లించి తీసికొనిపోవచ్చును. ఆటగాండ్ర బదిలీకి వేసవిలో కొంతకాలము, జనవరిలో కొంతకాలము మాత్రమే ద్వారము తెరువబడును. ఇంగ్లండులో శిక్షకులకు అట్టి కట్టడి లేదు. ఇటలీలో మాత్రము, ఒకే ఋతువులో ఒక శిక్షకుడు రెండు క్లబ్బులను నడుపరాదను నియమము చాలకాలము అమలులో నుండెను.

కావున కాయిల్ చట్టమును మీరలేదు. పరిహారము క్లబ్బునకు ముట్టును. కాని అభిమానికి ముట్టునదేది? అతడు ఏ కాగితముపైనను సంతకము చేయలేదు. వానలో నిలిచి చూచెను, కూలి డబ్బులో కొంత మిగిల్చి టిక్కెట్టు కొనెను, ఓడిన దినమున అన్నము మానెను. అతని బంధము వ్రాయబడని బంధము. దాని కేన్యాయస్థానమును లేదు. అందుచేతనే అతని దుఃఖము కేకగా వెలువడును. నడుమ పోవుటలో మరియొక నొప్పి కలదు. ఋతువు చివర పోయినచో క్రొత్తవాడు వచ్చి తన ఆలోచనకు తగిన ఆటగాండ్రను ఏరుకొనును. నడుమ పోయినచో, ఒకని ఆలోచనకు కూర్చిన జట్టును మరియొకడు నడుపవలసి వచ్చును. పైగా పోయినవాడు ఆ జట్టు లోపములన్నియు ఎరిగినవాడు.

ఇప్పుడు మన నగరమునకు వత్తము. కోడంబాక్కం స్టేషనులో విద్యుద్రైలెక్కి పార్కు స్టేషనులో దిగినచో, జవాహర్‌లాల్ నెహ్రూ క్రీడాంగణము అచటికి దగ్గరలోనే కలదు. 2019 డిసెంబరులో చెన్నైయిన్ ఎఫ్.సి. జట్టు పట్టికలో అడుగు భాగమున నుండగా, శిక్షకుడై వచ్చినవాడు ఆ ఓవెన్ కాయిలే! కొలది నెలలలో జట్టు పైకెగసెను. 2020 ఫిబ్రవరి 29న ఆ క్రీడాంగణముననే గోవా జట్టును 4-1తో ఓడించి, పిమ్మట తుదిపోటీకి చేరెను. మహమ్మారి కారణమున ప్రేక్షకులు లేక జరిగిన ఆ తుదిపోటీలో 3-1తో ఓడినను, అభిమానులు అతనిని మెచ్చుకొనిరి. ఆ వేసవిలో అతడు జంషెడ్‌పూరునకు పోయెను. 2023లో మరల చెన్నైకి వచ్చెను. బర్న్‌లీలో ద్రోహియనిపించుకొన్నవాడే చెన్నైలో ఉద్ధారకుడయ్యెను. మనిషి ఒక్కడే, నిలిచి చూచు గట్టు మారినది.

2023 నవంబరులో జరిగిన మరియొక కథయు ఇట్టిదే. బ్రిస్టల్ సిటీ క్లబ్బు ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ శిక్షకుడైన లియామ్ మానింగును నడిఋతువులో తీసికొనిపోయెను. ఆక్స్‌ఫర్డ్ అభిమానులు నొచ్చుకొనిరి. పది దినములైనను కాకమునుపే ఆక్స్‌ఫర్డ్ క్లబ్బు మన ముంబయి సిటీ శిక్షకుడైన డెస్ బకింగ్‌హామును నడిఋతువులోనే తీసికొనిపోయెను. తమకు జరిగినదే ముంబయి వారికి జరిగినదని ఆక్స్‌ఫర్డ్‌లో ఎందరు తలచిరో! చిత్రమేమనగా, 2024 మే నెలలో ముంబయి పెట్ర్ క్రాట్కీ శిక్షణలో కప్పు గెలిచెను. ఆక్స్‌ఫర్డ్ పై శ్రేణికెక్కెను. విడువబడిన ప్రతి జట్టును కూలిపోవునని చెప్పలేము.

ఈ సంగతి మన పేటవారికి కొత్తది కాదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా మద్రాసు విడిచి హైదరాబాదు చేరినది. పోయినవారు నేరము చేయలేదు. పని ఎచటనో అచటికి పోవుట లోకధర్మము. హైదరాబాదునకు అది పండుగ. ఇచట నిలిచిన పనివారి యిండ్లలో మాత్రము అది వేరొక విధముగా తోచినది. మా తరగతులలో కూర్చుండు పిల్లలలో కొందరు ఆ నిలిచిపోయినవారి మనుమలు. ఏడాది నడుమ ఉపాధ్యాయుడు బదిలీయైనను, తండ్రి పనికై ఊరు మారి విద్యార్థి వెడలిపోయినను, ఆ వెలితి ఎట్టిదో వారికి వివరింపనక్కరలేదు.

పోక తప్పనిచోట మిగుల్చవలసినదేమో హైదరాబాదు రహీము గారి జీవితము చెప్పును. సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన శిక్షణలో 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు రోవర్సు కప్పు గెలిచెను. భారత జట్టు 1951లోను, 1962లోను ఏషియా క్రీడలలో స్వర్ణము పొందెను. క్యాన్సరు వ్యాధితోనే జకార్తా విజయమును సాధించి, 1963లో కన్నుమూసెను. ఆయన పోయినను ఆయన నేర్పిన ఆట శిష్యుల కాళ్లలో నిలిచినది.

కావున విద్యార్థులారా, అభిమానము గలచోట దుఃఖము తప్పదు. దుఃఖించుట తప్పు కాదు. పోవువాడు తాను విడుచునది క్లబ్బును మాత్రమే కాదని ఎరిగి, ముందుగా చెప్పి, మాట నిలిపి పోవలెను. నిలిచినవారు అతడు చేసిన మేలును కేకలలో ముంచివేయరాదు. ఇక మన జట్టునకు గొప్ప శిక్షకుడు వచ్చెనని చప్పట్లు కొట్టు దినమున, అతడు ఏ ఊరినుండి వచ్చెనో, అచట ఏ పిల్లవాడు ఆ సాయంకాలము చిన్నబోయి యిల్లు చేరెనో ఒక క్షణము తలచుడు.