వర్ణానికి వచ్చిన విద్యార్థికి వీణ

సరళీ జంట వరుసలు, అలంకారాలు, గీతాలు ముగించి వర్ణానికి వచ్చేసరికి వీణ నేర్చే విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. అంతవరకు గురువుగారింట ఉన్న వీణ మీదనో, బంధువుల ఇంట అటక మీద నుండి దింపిన పాత వీణ మీదనో సాధన సాగి ఉంటుంది. స్వరం తప్పు పలికినపుడు అది చేతి తప్పా, వాద్యపు తప్పా అని విచారించవలసిన పని అప్పటికి పడదు. వర్ణంతో పాటు గమకం ప్రవేశించగానే ఆ విచారణ తప్పనిసరి అవుతుంది. ఇంటి పెద్ద నెలజీతం మీద బ్రతికేవాడు. విద్వాంసులు కచేరీల కోసం ప్రత్యేకంగా చేయించుకొనే వీణకు అతని చేయి అందదు. మరీ చౌకలో వచ్చినది కొంటే రెండేండ్లలో మరొకటి వెదకికొనవలె. కావలసినది నడిమి వెల వీణ. నడిమి వెల అన్నా పదుల వేల రూపాయల మాటే కనుక పొరపడితే దిద్దుకొనడం సులభం కాదు.

ఈ సమస్యకు సమాధానం వెదకడానికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారు దూరం పోనక్కరలేదు. బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆ ఏడు విజయనగరం జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. కనుక బొబ్బిలి వీణ మాదంటే మాదని ఇరు జిల్లాలవారూ అనుకొన్నా తప్పు పట్టనక్కరలేదు. ఆ వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించింది. ఇక వాదకుల మాట. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన అజ్జాడ బొబ్బిలి ప్రాంతానిదే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినపుడు దానికి తొలి అధ్యక్షుడాయనే. వీణ వెంకటరమణదాసు విజయనగర ఆస్థానంలో వైణికుడుగా వెలిగినాడు. చేసేవారు, వాయించేవారు ఇంత దగ్గరగా మసలిన సీమ తెలుగునాట మరొకటి చూపడం కష్టం. ఈ ఇరుగు పొరుగు వలన కొనేవానికి గొప్ప సౌకర్యం ఉన్నది. వాద్యం చేసిన చేతినే అడిగి తెలిసికోవచ్చును. కాని ఏమి అడగవలెనో ముందు తెలిసి ఉండవలె.

వీణలో తరువాత మార్చుకోదగినవి కొన్ని, ఎన్నటికీ మార్చరానివి కొన్ని ఉన్నవి. తీగెలు మార్చవచ్చును. బిరడలు మార్చవచ్చును. మెట్లు ఊడదీసి మరల మేళం కట్టించవచ్చును. దండి క్రింద వ్రేలాడే బుర్ర పగిలితే మరొకటి బిగించవచ్చును. నాదంలో దాని పాలు స్వల్పమే. పూర్వం నిజమైన సొరకాయ బుర్రలే వాడేవారు. ఈనాడు కాగితపు గుజ్జువి, ఫైబరువి వస్తున్నవి. మారనిది కర్ర. కుండను తొలిచిన తీరు, దండి తిన్నదనం, పలక మందం, ఇవి కూడ ఒకసారి కుదిరితే కుదిరినట్లు, చెడితే చెడినట్లు. నడిమి వెల వీణ కొనేవాడు తన ధనాన్ని ఈ రెండవ తెగ మీద ఖర్చుపెట్టవలె. అంగళ్లలో జరిగేది తరచుగా ఇందుకు విరుద్ధం. చూపరిని మొదట ఆకర్షించేది యాళి ముఖం, దాని రంగు, అంచుల వెంట పొదిగిన తెల్లని నగిషీ. ఒకనాడు ఆ పొదుగుడు ఏనుగు దంతంతో, జింకకొమ్ముతో జరిగేది. దంతపు వర్తకం నిషిద్ధమైన పిమ్మట ప్లాస్టిక్కు వచ్చింది. పని మాత్రం అంతే. రోజుల తరబడి కూర్చుండి చెక్కిన కూలి వెలలో చేరక తప్పదు. ఆ కూలి న్యాయమైనదే. కాని దానివలన గాంధారం ఒక్క రవ్వంత కూడ మెరుగుపడదు.

కర్ర సంగతి మొదట చూడవలె. వీణకు పనస కర్ర శ్రేష్ఠమని వాడుక. కుండ, దండి, తల అన్నీ ఒకే మొద్దులో నుండి తొలిచితే దానిని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి ప్రసిద్ధి దానివలననే వచ్చింది. వేరు వేరు ముక్కలు చెక్కి అతికినవి వేరొక తెగ. అతుకు గట్టిగా ఉన్నంత కాలం వాటిలోనూ మంచివి లేకపోలేదు. ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి అవి అనుకూలం కూడాను. కాని కుండ తీగెలను ఎల్లకాలం లాగి పట్టుకొని ఉండేది; దండి ఆ లాగుడును మోసేది. ఏడు తీగెల బిగువు రాత్రింబవళ్లు ఆ సంధి మీదనే పడుతుంది. అందుచేత అతుకుల వీణను చూసేటపుడు సంధి దగ్గర గోరు పెట్టి చూడవలె; సందు తగిలితే వదలిపెట్టవలె. కర్ర బాగా ఆరినదా అన్నది అంతకంటె ముఖ్యం. పచ్చి కర్రతో చేసిన వీణ ఆరే కొద్దీ వంగుతుంది, పగులుతుంది. సముద్రపు గాలికి, వానాకాలపు చెమ్మకు, ఆపైని ఎండకు లోనయ్యే ఈ తీరంలో ఆ పరీక్ష మరీ కఠినం. ఈ మొద్దు ఎన్నాళ్లు ఆరింది అని అడిగితే మంచి పనివాడు నొచ్చుకోడు. తన ఇంట నిలువచేసిన మొద్దులు చూపించి మరీ చెబుతాడు.

దండి తిన్నదనం కంటితోనే తెలుస్తుంది. వీణను కుండ వైపు నుండి తల వైపునకు కన్ను మూసి, బాణం గురిచూసినట్లు చూడవలె. మెట్ల వరుస ఎక్కడ ఉబ్బినా, ఎక్కడ దిగినా ఆ చూపులో దొరుకుతుంది. పలక మీద గుర్రం నిలిచే చోట ఒక స్కేలు ఆనించి చూడవలె. అక్కడ లోపలికి క్రుంగి ఉంటే తీగెల బరువుకు పలక లొంగిందని అర్థం. వ్రేలి కణుపుతో పలకను మెల్లగా తట్టితే నిండుగా, ఒకే తీరున పలకవలె. ఒకచోట చచ్చిన శబ్దం, మరొకచోట గరగరమనే శబ్దం వస్తే లోపల పగులో, అతుకు ఊడడమో ఉన్నదని అనుమానించవలె. పురుగు తొలిచిన చిన్న రంధ్రాలకు మైనం నింపి రంగు పూయడం కద్దు. పాత వీణ కొనేవారు కుండ అడుగుభాగం తప్పక తిరగవేసి చూడవలె. పాత వీణ అనగానే మొగము చిట్లించనక్కరలేదు. బాగా ఆరిన పాత కర్రకు కొత్త మేళం కట్టించితే నడిమి వెలలో అంతకంటె మంచి బేరం లేదు.

గుర్రం సంగతి ఒక మాటలో పోయేది కాదు. చెక్క గుర్రం మీద కంచు రేకు ఒకటి ఉంటుంది. తీగెలు తాకేది ఆ రేకునే. దాని వంపు ఒక వెంట్రుక వాసి ఎక్కువైతే తీగె నాదం పొట్టిదై, వాయించగానే ఆరిపోతుంది. తక్కువైతే జుమ్మని మ్రోగి స్వరం మీద మసక కమ్ముతుంది. సారణి తీగెను ఒక్కసారి మీటి, కండ్లు మూసికొని, నాదం పూర్తిగా అణగేవరకు వినవలె. తరువాత అనుమంద్రాన్ని అట్లే వినవలె. రెండూ నిండుగా వచ్చి, నెమ్మదిగా, మధ్యలో విరగకుండ తగ్గితే గుర్రం, పలక కలిసి పనిచేస్తున్నవని తెలిసికోవచ్చును. ఈ పరీక్షకు మైకు, కాంటాక్టు పికప్పు అడ్డు రాకూడదు. విద్యుత్తు సాయంతో పెద్దదైన శబ్దం విని వీణను మెచ్చుకొనడం భూతద్దంలో చూసి మామిడిపండు కొనడం వంటిది.

ఇక మేళం. బడిలో నిష్పత్తులు చదువుకొన్న విద్యార్థి ఇక్కడ తన లెక్కలు వాడుకోవచ్చును. వీణకు 24 మెట్లు. ఒక్కొక్క స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. సారణి విడి తీగె షడ్జమైతే ఐదవ మెట్టు శుద్ధ మధ్యమం, ఏడవది పంచమం, పన్నెండవది పై షడ్జం, ఇరువది నాలుగవది ఆ పై షడ్జం. తీగె నిడివి, అనగా మొదటి ఆనకట్టు నుండి గుర్రం వరకు గల దూరం, 80 సెంటీమీటర్లు అనుకొందాము. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3 కనుక ఏడవ మెట్టు నుండి గుర్రానికి ఇంచుమించు 53 సెంటీమీటర్లు మిగులవలె. మధ్యమానికి నాలుగింట మూడు పాళ్లు, అంటే 60. పై షడ్జానికి సరిగా సగం, 40. చివరి మెట్టుకు 20. కొలతటేపు పెట్టి చూస్తే పెద్ద తప్పులు దొరకుతవి. చిన్న తప్పులు దొరకవు. నొక్కినపుడు తీగె కొంచెం సాగి స్వరం పైకి పోతుంది. మేళకర్త ఆ సాగుడును కూడ లెక్కలో వేసికొని మెట్టును జరుపుతాడు. అందుచేత కొలత తరువాత చెవి పని ప్రారంభం కావలె. విడి తీగెను, పన్నెండవ మెట్టును ఒకదాని వెంట ఒకటి మీటి రెండు షడ్జాలు కలిసినవా అని వినవలె. అదే పరీక్ష పంచమం, మంద్రం, అనుమంద్రం తీగెల మీద కూడ జరపవలె. ఒక తీగె మీద సరిపోయి మరొకదాని మీద తప్పితే మెట్టు అడ్డంగా వంకరగా కూర్చున్నదన్నమాట.

మెట్లు కంచువో ఇత్తడివో అయి ఉంటవి. వాటిని తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లని ముద్దలో కూర్చుతారు. పనివాడు ఇనుప కడ్డీ కాల్చి, మైనం మెత్తపరచి, చెవి ఒప్పుకొనేవరకు ఒక్కొక్క మెట్టును జరుపుతాడు. ఇరువది నాలుగు మెట్లు, నాలుగు తీగెలు. ఇంత ఓపిక ఏ యంత్రానికీ ఇంకా రాలేదు.

హార్మోనియం కొనేవానికి ఈ బాధలన్నీ లేవు. రీడు శ్రుతి చేసి ఉంటే నొక్కిన మెట్టు నొక్కినట్లే పలుకుతుంది. పద్యనాటకాల వెంట ఊరూరా తిరిగే పెట్టెకు అది గొప్ప సుగుణమే. వీణలో స్వరం సగం మెట్టు మీద, సగం వ్రేలి కింద ఉంటుంది. తోడి గాంధారం ఏ మెట్టు మీదా నిలకడగా దొరకదు. తీగెను పక్కకు లాగి, ఊచి రాబట్టవలె. కాబట్టి విద్యార్థి గమకంతోనే వీణను పరీక్షించవలె. ఒక మెట్టు మీద ఉండి సారణిని లాగి పై రెండు మూడు స్వరాలను అందుకొని మరల దిగవలె. లాగినపుడు తీగె పై మెట్టును తాకి గరగరమన్నా, దిగినపుడు మొదటి స్వరం దిగజారి వినిపించినా మేళంలో లోపమున్నది. తీగె మెట్టుకు మరీ ఎత్తున ఉంటే లేత వ్రేళ్లు కోసికొనిపోయి సాధన మీదనే విసుగు పుడుతుంది. పై స్థాయిలో, పదమూడవ మెట్టు మొదలు, నాదం చిక్కిపోతున్నదేమో ప్రత్యేకంగా వినవలె. నడిమి వెల వీణలకు తరచుగా తెగులు పట్టేది అక్కడనే.

తప్పు మేళం అపాయం ఇంత పట్టుదలకు కారణం. ప్రౌఢ విద్వాంసుడు చెడ్డ మెట్టును లాగి సరిచేసికొని వాయించగలడు. అతని చెవి ముందే స్థిరపడినది. విద్యార్థి చెవి ఆ వీణ మీదనే తయారవుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదిపాటు కొంచెం తగ్గిన మధ్యమాన్ని వింటే అదే మధ్యమమని మనస్సులో నాటుకొంటుంది. తరువాత మంచి వీణ కొన్నా ఆ చెవిని మార్చుకొనడానికి మరొక ఏడాది పడుతుంది. అందుకే చౌక వీణ చౌక కాదు.

బొబ్బిలిలో చిన్న చిన్న బొమ్మ వీణలు కూడ చేస్తారు. సన్మానాలలో అతిథులకు బహూకరించేవి అవే. చూడముచ్చటగా ఉంటవి, పనివారికి నాలుగు డబ్బులు తెచ్చిపెడుతున్నవి. కాని చేయి తిరిగిన పనివాడు అద్దాలపెట్టెలో ఉంచే వీణలతోనే పొద్దుపుచ్చవలసివస్తే మేళం కట్టే చెవి తరువాతి తరానికి ఎట్లా అందుతుంది? ఆ చెవిని నిలబెట్టేది బహుమతుల బేరం కాదు. వాయించడానికి వీణ కొని, తప్పు పలికితే మరల తెచ్చి చూపించే విద్యార్థి.

వీణ కొనడానికి గురువునో, వాయించనేర్చిన మరొకరినో వెంటబెట్టుకొని పోవలె. ఏ శ్రుతికి కట్టవలెనో ముందే చెప్పవలె. శ్రుతిని బట్టి తీగెల లావు మారుతుంది. అంగడిలో నిలబడి చూడడం కాక, నేలమీద చాపవేసికొని విద్యార్థినే కూర్చుండబెట్టి ఒక గంట వాయింపజేయవలె. చేయి చివరి మెట్టు వరకు అందుతున్నదా, తొడ మీద దండి నిలుస్తున్నదా అన్నది అప్పుడు గాని తెలియదు. రెండు మూడు వీణలను ఒకే శ్రుతికి తెచ్చి, ఒకే వర్ణపు పల్లవిని వాటి మీద వరుసగా వాయింపజేసి, కొనేవారు వెనుదిరిగి కూర్చుండి వినడం మంచి పద్ధతి. యాళి ముఖం కంటబడదు కనుక తీర్పు చెవిదే అవుతుంది.

ఇంటికి వచ్చిన వీణను కిటికీ ఎండకు, మూసిన కారులో వేడికి వదలరాదు. రోహిణీకార్తెలో ఒక మధ్యాహ్నం చాలు, మైనం మెత్తబడి మెట్లు కదలడానికి. సముద్రపు గాలికి ఉక్కు తీగెలు త్రుప్పు పట్టుతవి గనుక వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడవవలె. ఏండ్లు గడిచేకొద్దీ మైనం గట్టిపడి పెళుసెక్కుతుంది; సారణి కింద మెట్ల మీద చిన్న గాడులు పడతవి. అప్పుడు వీణను తిరిగి గొల్లపల్లికి తీసికొనిపోయి, గాడులు ఆకురాయితో చదును చేయించి, కొత్త మేళం కట్టించుకోవలె. బేరమాడే రోజుననే ఆ పనికి ఏమి తీసికొంటారో, ఎన్నాళ్లలో చేసి ఇస్తారో అడిగి ఉంచుకొనడం మంచిది.