బొమ్మకు మాటలొస్తే...

సాయంత్రం రహమత్‌నగర్ సందుల్లో నడుస్తుంటే అడుగడుక్కీ ఒక గొంతు వినిపిస్తుంది. కిరాణా కొట్టు, కర్రీ పాయింట్, ఇస్త్రీ బండి... ఎక్కడైనా అదే. 'ముప్ఫై రూపాయలు అందాయి' అంటుంది. సిమ్‌కార్డు పెట్టిన చిన్న డబ్బా అది. డబ్బు పడిన కబురు నెట్‌లో అందుకుని పైకి చదివేస్తుంది. బేరాల హడావిడిలో ఫోన్ చూసుకోలేని వ్యాపారులకు అదో వెసులుబాటు. అదే చూపులేని వ్యాపారికైతే? ఎవరు ఎంతిచ్చారో పక్కవాళ్లని అడిగే అవసరమే లేదు!

మరి అదే మనిషి తన ఫోన్‌తో డబ్బు పంపాలంటేనో!

అందుకూ సాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్. రెండూ 2009లోనే వచ్చాయి. తెరమీద వేలు పెడితే అక్కడేముందో చదువుతాయి. రెండుసార్లు తడితే మీట నొక్కినట్టే. చిక్కల్లా ఒక్కటే. అవి చదివేది బొమ్మను కాదు, యాప్ చేసినవాళ్లు దాని వెనక రాసిపెట్టిన పేరును. 'డబ్బు పంపు' అని రాస్తే అలాగే చదువుతాయి. రాయడం మరిచిపోతే 'పేరులేని బటన్' అని ఊరుకుంటాయి. ఈమధ్య కొన్ని బొమ్మల్ని పోల్చుకుని చెప్పడమూ నేర్చాయనుకోండి. కానీ డబ్బు దగ్గర ఊహను నమ్మి వేలు నొక్కేదెవరు?

ఖాతా తెరవడమూ తేలిక కాదు. ఇంట్లోంచే కేవైసీ చేయాలంటే కెమెరా ముందు కళ్లార్పమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చేయాలి? వారి గోడు సుప్రీంకోర్టుకు చేరింది. డిజిటల్ సేవలు అందుకోవడమూ జీవించే హక్కులో భాగమేనంటూ 2025 ఏప్రిల్ 30న కోర్టు 20 ఆదేశాలిచ్చింది.

ఇక సినిమా. రహమత్‌నగర్, ఆ పక్కనే కృష్ణానగర్... సినిమా కార్మికులుండే బస్తీలివి. అక్కడ చూపులేనివాళ్లూ సినిమాకెళతారు. మాటలు వింటారు, పాటలు వింటారు. హీరో నోరు మెదపకుండా ఉత్తరం చించేస్తే? పక్కవాళ్లు చెవిలో చెప్పాలి. వెనకసీటువాళ్లు విసుక్కోవాలి!

దీనికి మందు ఆడియో డిస్క్రిప్షన్. మాటల మధ్య ఖాళీల్లో తెరమీద జరుగుతున్నది చెప్పే గొంతు. ఫోన్‌లోని యాప్ హాల్లో శబ్దాన్ని మైకుతో విని, సినిమా ఎక్కడిదాకా వచ్చిందో పట్టేస్తుంది. ఆ సన్నివేశానికి తగిన వివరణ ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. 2023లో 'పఠాన్' ఓటీటీ విడుదలకు ఇలాంటి ఏర్పాటు చేయాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం థియేటర్ల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. నాలుగు వాక్యాలు రాసేవాళ్లకూ, డబ్బింగ్ గొంతులకూ ఫిల్మ్‌నగర్‌లో కరవా? కావలసిందల్లా సినిమా బడ్జెట్‌లో ఆ పనికీ ఒక పద్దు.

ఎల్వీ ప్రసాద్‌ను తలచుకోవాలిక్కడ. సినిమాకు మాటలొచ్చిన తొలిరోజుల మనిషి. 'ఆలమ్ ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద'... హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ నటించారు. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన కంటి ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. అక్కడి పునరావాస కేంద్రంలో చూపులేనివారు కంప్యూటర్‌ను చెవితో వాడటం నేర్చుకుంటారు.

అలా నేర్చినవాళ్లు హాలుకొచ్చి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సరి. రెండోది ఖాళీగానే ఉంచాలి. ఈలలు వినొద్దూ మరి!